ఊహ ఉంది, ఊరు లేదు

"ఊహ ఉంది, ఊరు లేదు."

2008లో నేను రాసిన మొదటి ఫాంటసీ నవల రాతప్రతి చివరి పేజీలో పెన్సిల్‌తో రాసి ఉన్న మాట ఇది. ఒక ప్రచురణకర్తకి పంపితే ఆరు నెలలకి తిరిగొచ్చింది. పైన ఉత్తరం లేదు, లోపల ఇంకో అక్షరం లేదు. ఆ నాలుగు మాటలు చదివాక చాలా రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. నా నవల్లో ఊళ్ళకేం తక్కువ? మూడు రాజ్యాలున్నాయి, నీటి అడుగున ఒక పట్నం ఉంది, గాల్లో తేలే కోట ఉంది. అన్నిటికీ పేర్లు పెట్టి మ్యాపు కూడా గీశాను. ఇంకా ఏ ఊరు కావాలి ఆయనకి?

ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అర్థమైంది కూడా మా విజయనగరంలో కాదు, స్కాట్లాండ్‌లో.

2009 నవంబరులో ఉద్యోగం మీద ఎడిన్‌బరా వెళ్ళాను. ఏడాది ఉండి వచ్చేస్తానని అమ్మకి చెప్పాను. పదేళ్ళు దాటి ఉన్నాను. వెళ్ళిన కొత్తలో నన్ను భయపెట్టింది చలి కాదు, చీకటి. డిసెంబరులో అక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు పొడవదు, మధ్యాహ్నం మూడూ నలభైకల్లా సూర్యుడు దిగిపోతాడు. అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి సందె పడిపోయేది. ఇలాంటి చోట మనుషులు శీతాకాలం ఎలా గడుపుతారా అనుకునేవాణ్ణి. నిప్పుతో గడుపుతారని, కథలతో గడుపుతారని తర్వాత తెలిసింది.

నేనుండేది నాలుగంతస్తుల పాత రాతి కట్టడం. అన్ని వాటాలకీ ఒకటే మెట్ల దారి. నా కింద వాటాలో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆర్క్‌నీ దీవుల్లో పుట్టి, పెళ్ళయ్యాక ఎడిన్‌బరా వచ్చిందట. అప్పటికే డెబ్భై దాటాయి. ఆవిడ తలుపు పక్కన రెండు పుల్లలు అడ్డంగా పెట్టి ఎర్ర దారంతో బిగించి కట్టినది ఒకటి వేలాడుతూ ఉండేది. సిలువ అనుకున్నాను. డిసెంబరు 31 మధ్యాహ్నం ఆవిడే పైకొచ్చి నా తలుపు కొట్టింది.

"ఈ రాత్రి ఎక్కడికైనా వెళ్తున్నావా బాబూ?"

"లేదండీ."

"అయితే పన్నెండు కొట్టగానే మా ఇంటికి రా. నీకంటే ముందు ఇంకెవరూ మా గడప దాటకూడదు."

ఆ రాత్రిని అక్కడ హాగ్మనే అంటారు. కొత్త సంవత్సరంలో ఇంట్లోకి ముందుగా అడుగుపెట్టే మనిషిని బట్టి ఆ ఇంటికి ఏడాదంతా గడుస్తుందని నమ్మకం. ఆ మనిషి మగవాడై, నల్లజుట్టు వాడై ఉంటే శుభం. ఒకప్పుడు ఓడల మీద వచ్చి ఊళ్ళు దోచుకున్న వైకింగ్‌లది పసుప్పచ్చ జుట్టు కాబట్టి, అలాంటివాడు గుమ్మంలో కనిపిస్తే కీడని భయపడేవారని చెప్తారు. మా మెట్ల దారిలో నల్లజుట్టు ఉన్నది నాకొక్కడికే. ఆవిడ నా చేతిలో ఒక బొగ్గు ముక్క, ఒక ఉప్పు పొట్లం, చిన్న విస్కీ సీసా పెట్టి బయటికి పంపి తలుపు వేసుకుంది. లోపలికి రాగానే ఏమనాలో కూడా నేర్పింది. "మీ పొగగొట్టంలోంచి చిరకాలం పొగ రావాలి." అంటే ఇంట్లో పొయ్యి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలని దీవెన.

చేతిలో బొగ్గు పట్టుకుని ఆ చల్లటి మెట్ల మీద నిలబడి ఉంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చి ముందే వీధి చివరికి పంపేది. "నువ్వు ఎదురు రారా, నీ ఎదురు మంచిది" అనేది. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఇన్ని సముద్రాలు దాటి వచ్చాక మళ్ళీ ఎవరో నన్ను ఎదురు రమ్మన్నారు. కోట దగ్గర తారాజువ్వలు పేలాయి. తలుపు కొట్టాను. ఆవిడ తలుపు తీసి, నా మొహం కూడా చూడకుండా ముందు నా పాదం గడప దాటడం చూసింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ రాత్రి నాలుగు వాటాల తలుపులు కొట్టేవాణ్ణి.

ఆవిడతో సాయంత్రాలు అలా మొదలయ్యాయి. టీ పెట్టి కథలు చెప్పేది. మొదట చెప్పింది సెల్కీ కథ. సెల్కీలంటే సముద్రంలో సీల్ జంతువులుగా ఉండి, ఒడ్డుకొచ్చి తోలు విప్పితే మనుషులయ్యేవాళ్ళు. ఒక జాలరి రాళ్ళ మధ్య దాక్కుని, ఒక అమ్మాయి విప్పి పెట్టిన తోలు ఎత్తుకుపోతాడు. తోలు లేనిదే సముద్రంలోకి వెళ్ళలేదు కాబట్టి ఆ అమ్మాయి అతన్ని పెళ్ళి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది. ఏళ్ళ తర్వాత దూలం మీద దాచిన తోలు కంటబడుతుంది. అంతే, పిల్లల్ని ముద్దుపెట్టుకుని నీళ్ళలోకి వెళ్ళిపోతుంది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఈ కథ నాకు తెలుసు. మా అమ్మమ్మ చెప్పింది. మా కథలో సముద్రం లేదు, చెరువు ఉంది. దేవకన్యలు వెన్నెల్లో స్నానానికి దిగుతారు. పశువుల కాపరి ఒక చీర దాస్తాడు. ఆ పిల్ల ఎగిరిపోలేక వాడితో కాపురం చేస్తుంది. చివరికి చీర దొరికేది కూడా ఇంటి దూలం మీదే. ఆవిడకి ఈ కథంతా ఉత్సాహంగా చెప్పాను. చివరిదాకా విని, కప్పు కింద పెట్టి అడిగింది.

"ఏ చెరువు?"

"అంటే... ఒక చెరువు."

"పేరు లేదా? మా కథలో రాయికి పేరుంది. మా నాన్న పడవ కట్టే చోట నిలబడి ఎడమ చేతి వైపు చూస్తే మూడో రాయి. ఆ అమ్మాయి తోలు విప్పింది దాని మీదే. చిన్నప్పుడు మేం ఆ రాయి ఎక్కేవాళ్ళం కాదు."

నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి పైకొచ్చి పెట్టె అడుగు నుంచి పాత రాతప్రతి తీసి ఆ పెన్సిల్ రాత మళ్ళీ చదివాను.

అప్పటి నుంచి కథల చిరునామాలు వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టాను. స్కాట్లాండ్‌లో దానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. అక్కడ ప్రతి కథకీ బస్సు ఉంటుంది.

2011లో బెల్టేన్‌కి వాలంటీరుగా పేరిచ్చాను. బెల్టేన్ అంటే ఏప్రిల్ 30 రాత్రి చేసే వేసవి స్వాగతం. పాత రోజుల్లో ఆ రాత్రి ఊళ్ళో ఇళ్ళన్నిటిలో పొయ్యిలు ఆర్పేసేవారు. చెక్కకి చెక్క రాపాడించి కొత్త నిప్పు పుట్టించి, దాంతో పెద్ద మంటలు వేసి, కొండల మీది మేతకి తోలే ముందు పశువుల్ని రెండు మంటల మధ్య నుంచి నడిపించేవారు. రోగాలు పోతాయని నమ్మకం. ఆ నిప్పే ఇళ్ళకి తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యిలు వెలిగించుకునేవారు. ఊరంతటికీ ఆ రాత్రి ఒకటే నిప్పు. ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మన భోగి మంటలో ఇంట్లో పాత చెక్కలు తెచ్చి వేస్తాం. వాళ్ళు మంటని ఇంటికి తీసుకెళ్తారు.

కాలక్రమంలో ఆ ఆచారం ఆగిపోయింది. ఎడిన్‌బరాలో 1988లో కొందరు సంగీతకారులు, కళాకారులు, జానపద విజ్ఞానం చదివినవాళ్ళ సాయంతో కాల్టన్ హిల్ మీద దాన్ని కొత్తగా మొదలుపెట్టారు. ఆ కొండ మీద పన్నెండు పెద్ద రాతి స్తంభాలున్నాయి. 1826లో గ్రీకు గుడిలాంటి స్మారకం కడదామని మొదలుపెట్టి, డబ్బు చాలక 1829లో ఆపేశారు. సగంలో ఆగిన ఆ కట్టడం ముందు నుంచే ఊరేగింపు బయల్దేరుతుంది. మే రాణి ముందు నడుస్తుంది, వెనక ఒంటి నిండా ఆకులతో గ్రీన్ మ్యాన్. ఆమె వెంట తెల్ల బట్టల ఆడవాళ్ళు, కాపలాగా నీలిరంగు మనుషులు. ఒంటికి ఎర్ర రంగు పూసుకున్న అల్లరిమూక ఒకటి. వీటన్నిటికీ ఊపిరి డప్పులు.

నా చేతికి కాగడా ఇచ్చారు. నెలన్నర ముందు నుంచి వారానికి రెండుసార్లు రిహార్సల్. కాగడా పట్టుకోవడం కూడా నేర్చుకోవాలని నాకు అక్కడే తెలిసింది. గాలి ఎటు వీస్తే ఒళ్ళు అటు తిప్పాలి, నూనె చుక్క చేతి మీద పడకుండా కాస్త ముందుకి వంచాలి. ఆ రాత్రి సన్నగా జల్లు పడింది. కిరోసిన్ వాసన, తడి గడ్డి వాసన, నా మొహం మీద ఆరుతున్న రంగు బిగుతు. డప్పులు మొదలవగానే నా కడుపులో ఏదో కదిలింది. చిన్నప్పుడు తొలేళ్ళ రాత్రి, అంటే మా ఊరి సిరిమాను పండగ ముందు రోజు రాత్రి, మా నాన్న భుజాల మీద కూర్చుని విన్న డప్పులు అవే దెబ్బ మీద పడేవి. నడక చివర గ్రీన్ మ్యాన్ మే రాణిని తాకుతాడు. తెల్ల బట్టల వాళ్ళు అతన్ని పడగొడతారు, శీతాకాలం ఆకులన్నీ ఒలిచేస్తారు. మే రాణి మళ్ళీ ప్రాణం పోస్తే కొత్త ఆకులతో లేస్తాడు. ఆ ఏడు అతను లేచినప్పుడు నా పక్కనున్న ఒక ముసలాయన టోపీ తీసేశాడు.

అందులో పాల్గొన్నవాళ్ళలో నిజంగా పాగన్‌లమని, అంటే క్రైస్తవానికి ముందున్న పాత నమ్మకాలు పాటిస్తామని, చెప్పుకునేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు డప్పు కోసం, నిప్పు కోసం, స్నేహితుల కోసం వచ్చినవాళ్ళు. "ఇదంతా మొన్న పుట్టిన పండగ, అసలైనది కాదు" అనేవాళ్ళు ఆఫీసులో ఉండేవారు. పాగన్‌లు పాటించే ఎనిమిది పండగల చక్రం కూడా ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కూర్చుకున్నదే, ఆ మాట వాళ్ళే దాచకుండా చెప్తారు. నాకు మాత్రం అది తక్కువగా అనిపించలేదు. ఇంట్లో నిప్పు ఆరిపోతే పక్కింటి నుంచి తెచ్చి వెలిగించుకుంటాం. ఆ పొయ్యి మీద వండిన అన్నం అన్నమే కదా.

ఆ రాత్రి పడుకోలేదు. మే ఒకటిన తెల్లవారుజామున ఆర్థర్స్ సీట్ ఎక్కి గడ్డి మీది మంచుతో మొహం కడుక్కోవాలని ఆ ఊళ్ళో పాత ఆచారం. ఆ మంచు రాసుకుంటే ఆడపిల్లలు ఏడాదంతా అందంగా ఉంటారట. కొండ ఎత్తు 251 మీటర్లు, చల్లారిపోయిన అగ్నిపర్వతం. మొహం మీద ఆకుపచ్చ రంగు అలాగే ఉండగా ఐదున్నరకి పైకి చేరాను. కాలేజీ పిల్లలు, మనవరాళ్ళని తీసుకొచ్చిన నాయనమ్మలు, అందరూ గడ్డిలో చేతులు ముంచి మొహానికి పూసుకుంటున్నారు. నేనూ పూసుకున్నాను. రంగు కారి చొక్కా పాడైంది. సముద్రం వైపు నుంచి పొద్దు పొడిచింది.

అదే కొండలో 1836లో కుందేళ్ళ వేటకి వెళ్ళిన కుర్రాళ్ళకి ఒక రాతి సందులో పదిహేడు బుల్లి శవపేటికలు దొరికాయి. ఒక్కొక్కటి అరచేతిలో పడుతుంది. లోపల చెక్కతో చేసిన బొమ్మ, దానికి కుట్టిన బట్టలు. ఎనిమిది మాత్రమే మిగిలాయి, ఎడిన్‌బరా మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఈనాటికీ తేలలేదు. ఆ అద్దం ముందు నేను గంటలు గంటలు నిలబడ్డాను. ఒక బొమ్మ చొక్కాకి వేసిన కుట్లు చూస్తుంటే ఎవరో దీపం వెలుగులో కళ్ళు చికిలించి సూది ఆడించిన సంగతి కనబడుతుంది. నా గాల్లో తేలే కోటకి అలాంటి కుట్టు ఒక్కటి కూడా లేదు.

ఇక బరీమ్యాన్ గురించి చెప్పాలి. ఎడిన్‌బరాకి దగ్గర్లోనే, సముద్రపు పాయ ఒడ్డున సౌత్ క్వీన్స్‌ఫెరీ అనే చిన్న ఊరు. 1890లో కట్టిన ఎర్రటి రైలు వంతెన కిందే ఉంటుంది. ఏటా ఆగస్టు రెండో శుక్రవారం ఆ ఊళ్ళో పుట్టిన ఒక మగమనిషి ఒళ్ళంతా బర్‌డాక్ కాయలు అంటించుకుని పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఊరంతా తిరుగుతాడు. మన పొలం గట్ల మీద పంచెకి అంటుకునే మరులమాతంగి కాయలుంటాయే, అలాంటివి. దాదాపు పదకొండు వేల కాయలు పడతాయి. ముందు వారమంతా అతనే తిరిగి ఏరుకుంటాడు.

2012లో చూశాను. తొమ్మిది గంటలు, ఏడు మైళ్ళ నడక. మొహం కూడా కాయలతో కప్పేసి ఉంటుంది, కళ్ళకీ నోటికీ సన్నటి సందులు. తల మీద పూల టోపీ. చంకల్లో కాయలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా రెండు చేతులూ చాచే ఉంచాలి. చేతుల్లో పూలు చుట్టిన రెండు కర్రలు, ఆ చేతులు వాలిపోకుండా ఇరువైపులా ఇద్దరు పట్టుకుంటారు. కూర్చోడానికి లేదు. అన్నం లేదు. ఇళ్ళ ముందు ఆగితే గ్లాసుడు విస్కీ తెచ్చి స్ట్రాతో తాగిస్తారు, అది శుభం. పిల్లలు గంట కొడుతూ ముందు నడుస్తారు. ఎందుకు చేస్తారని ఒక దుకాణం ఆయన్ని అడిగాను. "ఊరికి మంచిది" అన్నాడు, అంతే. అంతకంటే పెద్ద జవాబు నాకు అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం మూడింటికి అతను నా ముందు నుంచి నడిచాడు. అరడుగు దూరం. కాయల మధ్య నుంచి ఊపిరి చప్పుడు వినిపించింది. కనురెప్ప మీద చెమట బొట్టు ఉంది, తుడుచుకోడానికి వీల్లేదు. అతని కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. నాకు వెంటనే సిరిమాను మీద పూజారి కళ్ళ ముందు కదిలారు. మా విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆకాశంలోకి లేచిన పొడవాటి చింతమాను చివర ఆసనం కట్టి, అందులో పూజారిని కూర్చోబెట్టి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం. జనం అరటిపళ్ళు విసురుతారు. ఒక్క మనిషి ఒక రోజంతా ఊరి బరువు మోస్తాడు. చిన్నప్పుడు నేను అరటిపండు గురి చూసి విసరడమే చూశాను గానీ పైనున్న ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. బరీమ్యాన్ రెప్ప మీద చెమట చూశాక ఆ విషయానికి సిగ్గుపడ్డాను.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. సిరిమాను చెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారి కలలో కనిపించి చెప్తుంది. ఫలానా ఊరు, ఫలానా తోట. వెళ్ళి చూస్తే చెట్టు అక్కడే ఉంటుంది. మాకు దేవత చిరునామాతో సహా చెప్తుంది. నేను మాత్రం నవల్లో "ఒకానొక అడవిలో" అని రాశాను.

ఆ తర్వాతి ఏళ్ళలో చూసినవన్నీ చెప్పాలంటే పుస్తకమవుతుంది. రెండు చోట్లు మాత్రం వదల్లేను. ఇన్‌వర్నెస్‌కి అవతల మన్‌లోకీ అనే ఊరి దగ్గర అడవిలో ఒక నీటి ఊట ఉంది. చుట్టూ చెట్ల నిండా గుడ్డపీలికలు. జబ్బుగా ఉన్నవాళ్ళ బట్ట చింపి, ఊటలో తడిపి, ఊట చుట్టూ మూడుసార్లు తిరిగి కొమ్మకి కడతారు. గుడ్డ చివికిపోయినకొద్దీ జబ్బు తగ్గుతుందట. ఇంకొకరి గుడ్డ విప్పితే వాళ్ళ జబ్బు మనకొస్తుంది. ఈ మధ్య జనం నైలాన్ గుడ్డలు కడుతున్నారు. అవి ఎప్పటికి చివకాలి? అమ్మకి అప్పుడు మోకాళ్ళ నొప్పులు ఎక్కువగా ఉండేవి. నేను కప్పుకునే బొంత అమ్మ పాత నూలు చీరలతో కుట్టింది, దాని అంచు నుంచి వేలెడు పీలిక చింపి తీసుకెళ్ళాను. కుడి వైపుగా తిరగాలని అక్కడ ఒకావిడ చెప్పింది. స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో కుడికీ దక్షిణ దిక్కుకీ ఒకటే మాట, జెస్. మన సంస్కృతంలో 'దక్షిణ' అన్నా ఆ రెండు అర్థాలే. రెండు మాటలకీ మూలం ఒకటే అంటారు భాషలు చదివినవాళ్ళు. నేను ఆ బురదలో చేసింది ప్రదక్షిణే.

రెండోది ఆబర్‌ఫాయిల్. 1692లో అక్కడ చర్చి ఫాదరీ రాబర్ట్ కిర్క్ చనిపోయాడు. ఏడో కొడుకు. గేలిక్ భాషలోకి కీర్తనలు అనువదించి 1684లో అచ్చువేసినవాడు. ఇంకోపక్క ఊళ్ళోవాళ్ళు చూశామని చెప్పిన ఫెయిరీల, అంటే కొండల్లో ఉంటారనుకునే మాయమనుషుల, ముచ్చట్లన్నీ శ్రద్ధగా రాసిపెట్టాడు. ఒక సాయంత్రం రాత్రి బట్టలతోనే డూన్ హిల్ వైపు నడక వెళ్ళి అక్కడే పడిపోయాడు. చనిపోలేదు, రహస్యాలు బయటపెట్టాడని వాళ్ళే పట్టుకుపోయారని ఊరు నమ్మింది. తర్వాత ఒక చుట్టానికి కనిపించి, "నా బిడ్డ బాప్తిజం రోజున వస్తాను, నా తల మీదుగా కత్తి విసిరితే విడుదలవుతాను" అన్నాడట. ఆ రోజు నిజంగానే వచ్చాడు. చుట్టం బిత్తరపోయి కత్తి విసరలేకపోయాడు. బాలింత తలగడ కింద కత్తి పెట్టే మా అమ్మమ్మ ఈ కథ వింటే ఆ చుట్టాన్ని ఎన్ని తిట్టేదో! డూన్ హిల్ కొనలో ఒక్క పైన్ చెట్టు ఉంది, ఆయన ఆత్మ అందులో ఉందంటారు. కొమ్మల నిండా రంగు రిబ్బన్లు, పిల్లలు రాసి కట్టిన కోరికల చీటీలు. కింద శ్మశానంలో ఆయన పేరిట ఉన్న రాతి మీద లాటిన్‌లో చెక్కారు, "గేలిక్ భాషకు దీపం" అని అర్థం వచ్చేలా. మూడు వందల ఏళ్ళ కిందటి ఒక ఫాదరీ తన ఊరి ముసలమ్మల మాటలు నిజమని రాసుకున్నాడు. నేను మా అమ్మమ్మ చెప్పినవి ఒక్కటి కూడా కాగితం మీద పెట్టలేదు. అమ్మమ్మ 2003లో పోయింది.

ఆబర్‌ఫాయిల్ నుంచి వచ్చాకే కొత్త నవల మొదలుపెట్టాను. 2015లో అచ్చయింది. అందులో కొండకి ఆర్థర్స్ సీట్ పోలిక, వీధులకి మా విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గరి సందుల పోలిక. పాఠకుల ఉత్తరాలొచ్చాయి. అయినా ఆ చెరువు కథ మాత్రం రాయలేదు. రాయడానికి పేరు తెలియాలి.

కింద వాటా పెద్దావిడ 2018లో కూతురి దగ్గరికి, ఆర్క్‌నీకి వెళ్ళిపోయింది. అంతకుముందు అక్టోబరు ఆఖర్న, వాళ్ళు సౌవిన్ అనే హాలోవీన్ రాత్రి కోసం, మేమిద్దరం కలిసి ఒక పెద్ద ముల్లంగిలాంటి దుంప తొలిచాం. ఇప్పుడందరూ గుమ్మడికాయ వాడుతున్నారు గానీ, పాత పద్ధతి ఈ నీప్ దుంపే. రాయిలా ఉంటుంది. చెంచా వంగిపోతుంది. గంటన్నర తొలిస్తే గానీ దీపం పట్టేంత గుంట కాదు. లోపల కొవ్వొత్తి పెట్టగానే దుంప కాలిన తీపి వాసన ఇల్లంతా నిండింది. వెళ్ళేటప్పుడు తన తలుపు పక్కనున్న ఎర్ర దారం పుల్లలు విప్పి నాకిచ్చింది. అవి రోవన్ చెట్టు పుల్లలు, దుష్టశక్తులు గడప తొక్కకుండా. రోవన్ పండు తిరగేసి చూస్తే అడుగున ఐదు కోణాల బుల్లి నక్షత్రం ఉంటుంది. అది చూపించింది కూడా ఆవిడే.

"ఆ చెరువు పేరు కనుక్కున్నావా?" అంది మెట్ల దగ్గర.

"ఇంకా లేదండీ."

"కనుక్కో. తెలిసినవాళ్ళు ఉండగానే."

2020 జనవరిలో ఇంటికి వచ్చేశాను. వచ్చిన వారానికి అమ్మమ్మగారి ఊరు వెళ్ళి పిన్నిని అడిగాను. బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే, "ఏ చెరువేంట్రా, మన చాకలిబంద కదా" అంది. నలభై ఏళ్ళుగా నేను దాని గట్టు మీద నుంచే ఆ ఊరికి వెళ్ళొస్తున్నాను.

సాయంత్రం నన్ను తీసుకెళ్ళింది. నీళ్ళు సగానికి తగ్గాయి, గుర్రపుడెక్క అల్లుకుంది. రేవు రాళ్ళలో ఒకటి మాత్రం పెద్దది, నున్నగా అరిగి ఉంది. "చీర పెట్టింది దీని మీదే. అందుకే ఈ రాయి మీద ఎవరూ బట్టలు ఉతకరు" అంది. నేను ఆ రాయి మీద చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగా ఉంది. సైకిళ్ళ మీద వెళ్తున్న ఇద్దరు పిల్లలు ఆగి మమ్మల్నే చూస్తున్నారు.

"చీర దొరికాక ఎగిరిపోయింది, అంతేగా పిన్నీ?"

"అంతే ఏంటి? అమ్మ మీకు సగమే చెప్పింది. చిన్నపిల్లలు ఏడుస్తారని. పాలు తాగే బిడ్డని వదిలేసి పోయింది కదా, ఆ బిడ్డ ఏమైందో తెలుసా?"

పిన్ని గట్టు మీద కొంగు పరుచుకుని కూర్చుంది. పిల్లలు సైకిళ్ళు పడేసి దగ్గరికొచ్చారు. నేను జేబులోంచి పుస్తకం తీశాను.